ఫోన్ లో, ఫోన్లో, ఫోన్‌లో: ఏది రాయాలి?

సందేహం: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. తెలుగు ప్రాజెక్టు మొత్తం ఫోన్లోనే టైప్ చేసింది. "ఫోన్ లో", "యాప్ లు", "వాట్సాప్ కి" అని విడగొట్టి రాసిన ప్రతిచోటా టీచర్ ఎర్ర పెన్నుతో చుట్టి పంపారు. కలిపి రాద్దామంటే "వాట్సాప్కి" అని ఒత్తు పడుతోంది, చదవబుద్ధి కావడం లేదు. "ఫోనులో" అని రాయమంటే, అలా ఎవరంటారు అంటోంది. పేపర్లు చూస్తే ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. ఇంతకీ ఏది సరైనది?

సమాధానం: టీచర్‌గారు చుట్టినవి తప్పులేనండి. లో, కి, ను, తో, లు అనేవి విడి మాటలు కావు. ముందున్న పదాన్ని అంటిపెట్టుకుని ఉండే ప్రత్యయాలు. "పుస్తకంలో", "బడికి", "చెట్లు" అని కలిపి రాసే పిల్ల "ఫోన్" దగ్గరికి వచ్చేసరికి ఖాళీ వదిలిందంటే, అది వ్యాకరణం రాక కాదు. కీబోర్డు అలా చేయిస్తోంది. చేత్తో రాసేటప్పుడు న మీద పొల్లు పెట్టి పక్కనే "లో" రాసేస్తాం, ఏ గొడవా ఉండదు. ఫోన్లో మాత్రం పొల్లు తర్వాత ల నొక్కగానే అది కిందికి జారి ఒత్తు అయిపోతుంది. ఆ ఒత్తు పడకుండా చూసుకోవడానికి అందరికీ తోచిన ఉపాయం స్పేస్ కొట్టడం. అలా మొదలైన అలవాటు ఇప్పుడు ఫ్లెక్సీల మీదికీ, పెళ్లి పత్రికల్లోకీ ఎక్కింది.

ఖాళీ వదిలితే నష్టమేమిటని కొందరు అడుగుతుంటారు. ఫోన్ స్క్రీను ఇరుకు. ఖాళీ కనబడిన చోట లైను విరుగుతుంది. "వాట్సాప్" ఒక లైను చివర ఆగిపోయి, "కి" కింది లైను మొదట్లో ఒంటరిగా నిలబడుతుంది. "లు" అనే అక్షరంతో మొదలయ్యే లైను చదివి చూడండి, ఒక్క క్షణం తడబడతారు.

ఇక ఒత్తు సంగతి. "ఫోన్లో" అని ఒత్తుతో రాస్తే తప్పని చాలామంది అనుకుంటున్నారు. కాదు. "నోటిలో" అన్నది "నోట్లో" అయింది. "కంటిలో" "కంట్లో" అయింది. "రైలులో" అన్నదాన్ని "రైల్లో" అంటాం, అలాగే రాస్తాం. ప్రత్యయం ముందున్న పొట్టి అచ్చు జారిపోయి హల్లులు రెండూ కలవడం తెలుగు నాలుకకు ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఫోనులో, ఫోన్లో కూడా అదే దారి. నా మటుకు నేను "ఫోన్లో" అనే రాస్తాను. "ఫోనులో" కూడా తప్పు కాదు, కానీ మీ అమ్మాయి నోట రాని మాటను ఆమె చేత రాయించనక్కర్లేదు.

అయితే అన్ని మాటలకూ ఇది కుదరదు. "వాట్సాప్కి" అని ప కింద క ఒత్తు పెడితే కంటికి అడ్డం పడుతుంది, మీరన్నది నిజమే. "సాఫ్ట్వేర్" అని చూడండి: ఫ కింద ట, దాని కింద వ. చిన్న అక్షరాల్లో ఆ దొంతర ఏమిటో పోల్చుకోవడమే కష్టం. పైగా అక్కడ "సాఫ్ట్" దగ్గర ఒక మాట అయిపోయి "వేర్" అని ఇంకోటి మొదలవుతుంది. ఆ అతుకు కనబడితేనే పలకడం తేలిక. స్మార్ట్‌ఫోన్, ఆన్‌లైన్, ఫేస్‌బుక్, చాట్‌బాట్ అన్నీ ఈ కోవలోవే. వీటిని ఖాళీ వదలకుండా, ఒత్తు పడకుండా రాయాలి.

దానికోసం, ఫోన్లూ కంప్యూటర్లూ అన్ని భాషల అక్షరాల్నీ దాచుకునే ఉమ్మడి పద్ధతి అయిన యూనికోడ్‌లో కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు తర్వాత దాన్ని పెడితే, పక్క హల్లును ఒత్తుగా మార్చవద్దని ఫాంటుకు చెప్పినట్టు. "ఫోన్లో" అన్న మాట ఫోన్ లోపల ఆరు ముక్కలుగా ఉంటుంది: ఫ, ఓత్వం, న, పొల్లు, ల, ఓత్వం. "ఫోన్‌లో" అన్నప్పుడు ఏడు. ఆ ఏడోది పొల్లుకూ ల కూ మధ్య కూర్చుంటుంది, చోటు మాత్రం తీసుకోదు.

గూగుల్ వారి కీబోర్డు యాప్ జీబోర్డ్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాళ్లు పైన వచ్చే సూచనల్ని ఒకసారి చూసుకుని నొక్కితే, చాలాసార్లు సరైన రూపం అక్కడే దొరుకుతుంది. దొరకకపోతే ఒక పని చేయండి. ఈ సమాధానంలో ఉన్న "వాట్సాప్‌కి" లాంటి మాటను కాపీ చేసి, జీబోర్డ్ సెట్టింగ్స్‌లో పర్సనల్ డిక్షనరీ అని ఉంటుంది, అందులో అతికించి, ఒక షార్ట్‌కట్ ఇచ్చుకోండి. రోజూ వాడే మాటలు కొన్నే కదా, ఒక్క సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు పద్ధతిలో రాసేవాళ్లకు ఈ కనబడని అక్షరం కోసం మీటల కలయిక వేరుగా ఉంది.

దీని చోటు మాత్రం పొల్లు తర్వాతే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను ఆపేసిన "తెలుగు అక్షరం" కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. "జ్ఞా" రాసేటప్పుడు, ఞ కీ దీర్ఘానికీ మధ్య ఈ కనబడని అక్షరం దూరిన రూపం అది. అక్కడ దానికి పనే లేదు. ఆ రూపం మెసేజ్‌లో వస్తే, దాన్ని చూపించబోయి యాప్‌లు కుప్పకూలేవి. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 తెచ్చి ఆపిల్ దాన్ని సరిచేసింది. లోపం తెలుగుది కాదు, ఫోన్లోని సాఫ్ట్‌వేర్‌ది. అయినా మన లిపి వల్లే ఫోన్లు పాడయ్యాయని అప్పట్లో ప్రచారం జరిగింది. అది విన్నప్పుడు నాకు నిజంగా బాధ వేసింది.

అచ్చు లేని న్ ను పక్క అక్షరంతో కలవనీయకుండా రాయాలన్న అవసరం ఫోన్లతో వచ్చింది కాదు. పాత రాతప్రతుల్లో దానికి విడిగా ఒక గుర్తే ఉండేది. దాన్ని నకారపొల్లు అంటారు. 2021లో వచ్చిన యూనికోడ్ 14లో దానికీ చోటు దక్కింది. పాత ప్రతుల్ని ఉన్నదున్నట్టు ఎక్కించేవాళ్లకు అది పనికొస్తుంది. మన రోజువారీ రాతకు అక్కర్లేదు.

పిల్లల విషయంలో ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. ఇప్పుడు చాలామంది టైప్ చేయడం మానేసి మైకు నొక్కి మాట్లాడుతున్నారు. ఫోనే రాసిపెడుతోంది. చదువుకోని పెద్దవాళ్లకు కూడా అందిన సౌకర్యం ఇది, నాకెంతో సంతోషం. కానీ ఎక్కడ కలపాలో ఎక్కడ విడదీయాలో ఆ యంత్రం మనం రాసి పెట్టిన తెలుగు చూసే నేర్చుకుంటుంది. మనం "యాప్ లు" అని రాస్తూ పోతే అదీ "యాప్ లు" అనే రాస్తుంది. అది చూసి పిల్లలు అదే సరైనదనుకుంటారు.

చివరగా, టీచర్‌గారికి ఒక మనవి. ఈ అమ్మాయి "ఫోన్ కోసం", "ఫోన్ గురించి", "ఫోన్ మీద" అని కూడా రాసి ఉంటుంది. వాటినీ తప్పులని చుట్టి ఉంటే ఆ గుర్తులు తీసేయాలి. ఇవి విడిగా రాయదగినవే. "మీద పడింది" అన్నట్టు "మీద" సొంతంగా నిలబడుతుంది. "కి", "తో" అలా నిలబడలేవు. "నుంచి" దగ్గర మాత్రం రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి: "ఫోన్ నుంచి" అన్నా, "ఫోన్‌నుంచి" అన్నా మార్కులు తగ్గించకండి.