వీసా మీద ఉన్నవారు .22 రైఫిల్ చేతపట్టవచ్చా?

ప్రశ్న: హెచ్-1బి ఉద్యోగ వీసా మీద కొన్నేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాను. నా భార్యది నా మీద ఆధారపడి ఇచ్చే హెచ్-4. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదమై, ఆ కార్డు కోసం ఎదురుచూస్తున్నాం. మా ఆఫీసులో ఒక అమెరికన్ మిత్రుడికి 160 ఎకరాల పశువుల క్షేత్రం ఉంది. నేల ఉడుతలు, ప్రెయరీ డాగ్‌లు బొరియలు తవ్వి గడ్డి భూమినంతా పాడుచేస్తున్నాయట. శనివారాల్లో వచ్చి .22 రైఫిల్‌తో వాటిని కాల్చడంలో సాయం చేయమంటున్నాడు. ‘సొంత భూమి, చిన్న తుపాకి, పనికిమాలిన జంతువులు, ఏ లైసెన్సూ అక్కరలేదు’ అంటాడు. ఒకసారి వెళ్లి ఖాళీ డబ్బాల మీద కొన్ని తూటాలు కాల్చాను కూడా. ఇకముందు వెళ్లవచ్చా? నేనే ఒక రైఫిల్ కొనుక్కోవచ్చా? మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు కాబట్టి అమెరికా పౌరుడు. వాడి పేరు మీద కొంటే ఇబ్బంది ఉండదా? డిసెంబరులో ఇండియా వెళ్లివస్తున్నాం. ఈలోగా తేల్చి చెప్పగలరు.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: వేట లైసెన్సు మీ జేబులోకి వచ్చేవరకు ఆ రైఫిల్‌ను ముట్టుకోకండి. మీ మిత్రుడు తనకు తెలిసిన చట్టం చెబుతున్నాడు. ఆయన పౌరుడు కాబట్టి మీకు వర్తించే చట్టంతో ఆయనకు ఎన్నడూ పని పడి ఉండదు.

ఆ చట్టం టెక్సాస్‌ది కాదు, ఫెడరల్ ప్రభుత్వానిది. అమెరికా కోడ్ 18వ టైటిల్, సెక్షన్ 922(జి) తుపాకి ఉంచుకోకూడని వారి జాబితా ఇస్తుంది. శిక్షపడ్డ నేరస్థులు, మాదకద్రవ్యాలు వాడేవారు, దేశంలో అక్రమంగా ఉన్నవారు అందులో కనిపిస్తారు. వారి పక్కనే, 1998లో చేర్చిన ఒక ఉపవిభాగం కింద, నాన్ ఇమిగ్రెంట్ వీసా, అంటే శాశ్వత నివాసానికి కాని తాత్కాలిక వీసా, మీద వచ్చిన విదేశీయులు కూడా ఉన్నారు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 అన్నీ అందులోకే వస్తాయి. పన్నులు సక్రమంగా కడుతున్నా, ఇల్లు కొనుక్కున్నా, ఐ-140 ఆమోదమైనా మీ స్థితి మారదు. గ్రీన్ కార్డు చేతికొచ్చిన రోజు ఈ ఉపవిభాగం నుంచి బయటపడతారు, అంతకుముందు కాదు.

నిషేధం కొనడానికే పరిమితం కాదు. చట్టం వాడిన మాట ‘కలిగి ఉండటం’. ఇంకొకరి తుపాకిని పది నిమిషాలు చేతిలో పట్టుకుని కాల్చడం కూడా అందులోకి వస్తుంది. తూటాలకూ ఇదే సూత్రం. సొరుగులో మిగిలిన ఒక్క తూటా చాలు.

‘చిన్న తుపాకి’ అన్న మాట నా దగ్గరకు వచ్చే ప్రతి రెండో ప్రశ్నలో ఉంటుంది. చట్టం తుపాకి సైజు చూడదు. పేలుడు పదార్థం శక్తితో గుండును బయటికి తోసేది ఏదైనా తుపాకే. .22 తూటాలో తుపాకి మందును అంటించే రసాయనం అడుగున మధ్యలో కాకుండా అంచు చుట్టూ ఉంటుంది. అందుకే దాన్ని రిమ్‌ఫైర్ అంటారు. ధర తక్కువ, శబ్దం తక్కువ, భుజానికి తగిలే దెబ్బ దాదాపు లేదు. అందువల్ల జనం దాన్ని ఆటవస్తువుగా చూస్తారు. ఫెడరల్ చట్టం దృష్టిలో అదీ ఏనుగును కొట్టే రైఫిలూ ఒకటే.

ఇప్పుడు మీకు పనికొచ్చే మినహాయింపు. సెక్షన్ 922(వై) ప్రకారం, అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు లేదా పర్మిట్ ఉన్న నాన్ ఇమిగ్రెంట్‌కు ఈ నిషేధం వర్తించదు. వేట లైసెన్సు అని చట్టం స్పష్టంగా అంది కాబట్టి చేపల లైసెన్సు చూపిస్తే చెల్లదు. మీ విషయంలో ఆ కాగితం రెండు పనులు చేస్తుంది. రాష్ట్రం దృష్టిలో జంతువును వేటాడే అనుమతి. ఫెడరల్ ప్రభుత్వం దృష్టిలో తుపాకి చేతపట్టే అర్హత. మీ మిత్రుడికి మొదటిదే తెలుసు. దాన్నీ ఆయన సగమే చెప్పాడు.

ఎందుకంటే, టెక్సాస్‌లో నేల ఉడుతలు, ప్రెయరీ డాగ్‌లు, కుందేళ్లు ‘నాన్‌గేమ్’, అంటే ‘గేమ్’ (వేట జంతువులు)గా లెక్కించని వాటి, జాబితాలో ఉన్నాయి. వాటికి సీజను లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితి లేదు. లైసెన్సు మాత్రం కావాలి. మీ మిత్రుడు అడవి పందుల నియమంతో కలగాపులగం చేసి ఉంటాడని నా అనుమానం. భూయజమాని అనుమతితో ప్రైవేటు భూమిలో అడవి పందులను వేటాడటానికి 2019 నుంచి టెక్సాస్ లైసెన్సు అడగడం లేదు. మీలాంటివారు పడే గుంట సరిగ్గా ఇక్కడే ఉంది. రాష్ట్రం ‘లైసెన్సు అక్కరలేదు’ అన్న వేటకు లైసెన్సు లేకుండా వెళ్తే, రాష్ట్రం దృష్టిలో మీ తప్పేమీ ఉండదు, ఫెడరల్ చట్టం దృష్టిలో మాత్రం నేరస్థులవుతారు. పనికి అవసరం లేకపోయినా లైసెన్సు తీసుకోవాల్సింది అందుకే.

తీసుకోవడం కష్టమేమీ కాదు. టెక్సాస్‌లో వరుసగా ఆరు నెలలకు మించి నివసిస్తున్నవారికి స్థానికుల లైసెన్సే ఇస్తారు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటగాళ్ల శిక్షణ పూర్తిచేయాలి. పెద్దవాళ్లు దాన్ని ఆన్‌లైన్లో చేయవచ్చు. ఇందులో నేను పదేపదే హెచ్చరించేది గడువు గురించి. అక్కడి వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. జూలైలో కొంటే రెండు నెలలు కూడా రాదు. పౌరుడు పునరుద్ధరించడం మరిచిపోతే ఆ సీజనులో వేటకు వెళ్లలేడు, అంతే. మీరు మరిచిపోతే, సెప్టెంబరు 1 తెల్లవారేసరికి మీ అల్మారాలో ఉన్న రైఫిల్ ఫెడరల్ నేరానికి సాక్ష్యం అవుతుంది. ఆ తేదీని ఫోన్లో గుర్తు పెట్టుకోండి. కొత్తది ఆగస్టు మధ్య నుంచే అమ్ముతారు.

లైసెన్సు వచ్చాక రైఫిల్ కొనవచ్చు. దుకాణంలో తుపాకి కొనేవారి చేత ఫారం 4473 అనే ఫెడరల్ పత్రం నింపిస్తారు. మీరు నాన్ ఇమిగ్రెంట్ అవునా, అయితే మినహాయింపు ఏమిటి అని అందులో నేరుగానే అడుగుతారు. నిజం రాయండి, లైసెన్సు కాపీ ఇవ్వండి. ‘పౌరుడిని’ అని ఒక్క గడి తప్పుగా నింపితే అదే విడిగా నేరం. పైగా పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పడం ఇమిగ్రేషన్‌లో దాదాపు బాగుపడని దెబ్బ. అబ్బాయి పేరు మీద కొనే ఆలోచన వదిలేయండి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి లైసెన్సున్న దుకాణదారు రైఫిల్ అమ్మడు. ఎవరో కొని వాడికి బహుమతిగా ఇచ్చినా ఆ తుపాకి ఉండేది మీ ఇంట్లో, మీ అదుపులో. చట్టం దాన్ని మీరు కలిగి ఉన్నట్టే లెక్కిస్తుంది. మీ శ్రీమతి విషయమూ అంతే. మీకు లైసెన్సు ఉండి ఆమెకు లేకపోతే, ఇద్దరూ వాడే అల్మారాలో రైఫిల్ నిలబెట్టకండి. పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. లేదా ఆమె పేరిట కూడా ఒక లైసెన్సు తీసుకోండి.

శిక్ష సంగతి. 2022లో వచ్చిన సవరణ తర్వాత ఈ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెరిగింది. మీరు నిషేధంలో ఉన్నారని తెలిసి, లేదా తెలియడానికి తగిన కారణం ఉండి, తుపాకి అందించినవారిదీ నేరమే. మీ వీసా సంగతి మీ మిత్రుడికి ఆఫీసులో రోజూ తెలిసేదే కదా, ఈ మాట ఆయనకూ చెప్పండి. డబ్బాల మీద కాల్చినందుకు ఎవరైనా పదిహేనేళ్లు వేస్తారని నేననను. కానీ మీకు అసలు ప్రమాదం జైలు కాదు. తుపాకి నేరం కింద శిక్షపడిన విదేశీయుడిని దేశం నుంచి పంపేయవచ్చని ఇమిగ్రేషన్ చట్టం చెబుతోంది. ఈ సెక్షన్ కింద పడిన శిక్షను అది తీవ్ర నేరాల వర్గంలో చేర్చింది. ఆ వర్గంలో పడ్డాక ఎన్నేళ్లు నిలబడిన గ్రీన్ కార్డు క్యూ అయినా వృథానే.

ఇలాంటి కేసు ఒకటి సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2019 నాటి రెహైఫ్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్. విద్యార్థి వీసా మీద వచ్చిన యువకుడు, మార్కులు రాక విశ్వవిద్యాలయం పంపేసినా దేశంలోనే ఉండిపోయాడు. ఒకరోజు షూటింగ్ రేంజికి వెళ్లి రెండు తుపాకులు కాల్చాడు. చేసింది అంతే. అక్రమంగా ఉన్నవారికి వర్తించే పక్క ఉపవిభాగం కింద పద్దెనిమిది నెలల శిక్ష పడింది. తాను నిషేధిత వర్గంలో ఉన్నట్టు నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలంటూ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. దీన్ని చూసి ధైర్యపడిన పాఠకులు నాకు రాస్తుంటారు. అక్కడ తెలియాల్సింది తన ఇమిగ్రేషన్ స్థితి. తన వీసా ఏమిటో తెలియదని హెచ్-1బి ఉద్యోగి ఏ జడ్జి ముందు చెప్పగలడు? ఇలాంటి నిషేధం ఉందని తెలియదనడం మామూలుగా రక్షణ కాదు.

ఇప్పటికే ఒకసారి కాల్చారు కదా. నాకు రాసినట్టు ఇంకెవరికీ రాయకండి, ఆఫీసు మెయిల్లో అసలే వద్దు. అధికారులెవరైనా అడిగితే న్యాయవాది లేకుండా మాట్లాడనని మర్యాదగా చెప్పండి. అబద్ధం మాత్రం చెప్పకండి. విచారణ ఊహించి ఫొటోలు, సందేశాలు చెరిపేయడం కొత్త నేరం తెచ్చిపెట్టుకోవడమే. ఫెడరల్ నేరాలకు సాధారణంగా అయిదేళ్ల కాలపరిమితి ఉంది. అయితే రేపు పౌరసత్వానికి వేసే ఎన్-400 దరఖాస్తు, అరెస్టు కాకపోయినా ఎప్పుడైనా నేరం చేశారా అని అడుగుతుంది. దానికి ఏం రాయాలన్నది పత్రికలో తేల్చే విషయం కాదు. ఇమిగ్రేషన్, క్రిమినల్ రెండూ తెలిసిన న్యాయవాదితో ఒక గంట కూర్చోండి. ఆ మాటలు మీ ఇద్దరి మధ్యే ఉంటాయి.

లైసెన్సుతో వెళ్లాక కూడా కొన్ని చూసుకోవాలి. .22 లాంగ్ రైఫిల్ గుండు బరువు సుమారు రెండున్నర గ్రాములే, కానీ ఆకాశం వైపు వంచి కాలిస్తే మైలున్నర దూరం పోగలదు. 160 ఎకరాల చతురస్రపు క్షేత్రం అంటే ఒక్కో వైపు అరమైలు. గుండు మొత్తం క్షేత్రం దాటి ఇంకా మైలు పోతుందన్నమాట. వేటాడుతూ, గుండు పొరుగు భూమి హద్దు దాటేలా తెలిసి కాల్చడం టెక్సాస్‌లో నేరం. పొరుగువారి రాతపూర్వక అంగీకారం ఉంటే వేరు. గట్టి నేల మీద, రాళ్ల మీద, నీటి మీద ఈ మెత్తటి సీసపు గుండు ఎగిరి పక్కకు పోతుంది. కాబట్టి జంతువు వెనక మట్టిగట్టు ఉంటేనే కాల్చండి. గట్టు మీద నిలబడి ఆకాశం నేపథ్యంలో కనిపించే ప్రెయరీ డాగ్‌ను వదిలేయండి.

ఏ జంతువో గుర్తుపట్టడమూ చట్టమే. నేల ఉడుత నాన్‌గేమ్. చెట్టు మీది బూడిద రంగు ఉడుత, నక్క ఉడుత మాత్రం ‘గేమ్’ జంతువులు, వాటి నియమాలు వేరు. జింకను టెక్సాస్‌లో ఏ రిమ్‌ఫైర్ తూటాతోనూ కొట్టకూడదు. పక్షుల జోలికి పోవద్దు. 1918 నాటి వలస పక్షుల చట్టం కింద అక్కడి పక్షుల్లో ఎక్కువ భాగానికి రక్షణ ఉంది. రాష్ట్రం మారితే మళ్లీ మొదటి నుంచీ చదువుకోవాలి. యూటాలో ఉండే ఒక జాతి ప్రెయరీ డాగ్‌కు అంతరించే జాతుల చట్టం కింద రక్షణ ఉంది. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి ఏ వన్యప్రాణినీ సీసపు గుండుతో వేటాడకూడదు, .22కూ అదే.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే గాలి తుపాకి ఉంది. అది పేలుడు పదార్థంతో పనిచేయదు కాబట్టి ఫెడరల్ చట్టంలో ‘తుపాకి’ కిందికి రాదు. డబ్బాల మీద గురి నేర్చుకోవడానికి అది చాలు. జంతువును కొట్టాలంటే మాత్రం వేట లైసెన్సు కావాలి. న్యూజెర్సీకి మారే ఆలోచన ఉంటే గుర్తుంచుకోండి, ఆ రాష్ట్రం గాలి తుపాకిని కూడా తుపాకిగానే లెక్కిస్తుంది.

చివరిగా మీ డిసెంబరు ప్రయాణం. .22 తూటా చిటికెన వేలి మొదటి కణుపంత ఉంటుంది. జేబు మడతలో, బ్యాగు కుట్టులో పడితే నెలల తరబడి కనిపించదు. విమానాశ్రయంలో ఎక్స్‌రే యంత్రానికి మాత్రం కనిపిస్తుంది. అనుమతి లేకుండా తూటా దొరికితే ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 25 కింద కేసు పెడతారు. తెలిసి ఉంచుకుంటేనే నేరమని 1972లో గున్వంత్‌లాల్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. దాని బలంతో ఇలాంటి కేసులను హైకోర్టులు కొట్టేస్తూనే ఉన్నాయి. అయితే ఆ ఉత్తర్వు వచ్చేలోగా మీ సెలవు అయిపోతుంది, వీసా స్టాంపింగ్‌లో అరెస్టు గురించి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ క్షేత్రానికి వేసుకెళ్లిన జాకెట్టు, తీసుకెళ్లిన బ్యాగు ఈ ప్రయాణానికి వాడకండి.