చేపలు తెల్లవారుజామున తేలుతున్నాయంటే అది మొప్పల తెగులేనా?

ప్రశ్న: ఎకరం చెరువు, 5 అడుగుల నీరు. బొచ్చె, శీలావతి, మోసు కలిపి సుమారు 2 టన్నుల చేప ఉంది. రోజుకు 60 కిలోల మేత వేస్తున్నాను. నెల నుంచి నీరు చిక్కటి ఆకుపచ్చగా మారింది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి గుటకలు మింగుతున్నాయి. బొచ్చెలకు తలలు పెద్దవి, ఒళ్లు సన్నం. చేపల ఒంటికి పట్టే పేను కోసం రెండు నెలల్లో నాలుగుసార్లు మందు కొట్టాను. నీటిలో ఆక్సిజన్ లీటరుకు సాయంత్రం 6కి 14, ఉదయం 6కి 2 మిల్లీగ్రాములు చూపించింది. డీలరు మొప్పల తెగులని యాంటీబయాటిక్, నాచు చావడానికి మైలుతుత్తం ఇచ్చాడు. వాడమంటారా?

జవాబు: రెండూ వాడకండి. ఇది తెగులు కాదు. మొప్పల తెగులైతే చేప మిట్టమధ్యాహ్నం కూడా ఆయాసపడుతుంది, మీవి ఎండెక్కాక కిందికి దిగిపోతూ ఉండాలి. అనుమానం ఉంటే రేపు తెల్లవారుజామున తేలిన చేపను ఒకదాన్ని పట్టి మొప్ప మూత ఎత్తి చూడండి. ఎర్రగా, శుభ్రంగా ఉంటే ఇక మందు మాట మర్చిపోండి. తెల్లబడి, కుళ్లి, జిగురు పట్టి ఉంటేనే ల్యాబుకు తీసుకెళ్లండి.

మీరు ఆక్సిజన్ రెండు పూటలా కొలిచారు, చాలా మంచి పని చేశారు. ఆ రెండు అంకెల్లోనే అసలు సంగతి ఉంది. రాత్రికి లీటరుకు 12 మిల్లీగ్రాములు ఖర్చయింది. మీ చెరువులో నీరు సుమారు 6,100 ఘనపు మీటర్లు, అంటే గాలిలోకి పోయింది కాస్త పక్కనపెడితే ఒక్క రాత్రిలో 70 కిలోలకు పైగా ఆక్సిజన్ అయిపోయింది. 2 టన్నుల చేప 12 గంటల్లో పీల్చేది మహా అయితే 6 నుంచి 8 కిలోలు. మిగతాదంతా ఎవరు తాగారు? పగలు ఆక్సిజన్ ఇచ్చిన ఆ ఆకుపచ్చ నాచే రాత్రి దాన్ని తీసుకుంటుంది, దానితోపాటు నీటిలోని, అడుగు బురదలోని బ్యాక్టీరియా తీసుకుంటుంది. మీరు చేపలకు వైద్యం చేయాలని చూస్తున్నారు గానీ చెరువులో ఎక్కువ ఊపిరి పీలుస్తున్నది చేపలు కావు.

ఇప్పుడు మేత లెక్క చూడండి. 60 కిలోల మేతలో తేమ పోను కర్బనం సుమారు 24 కిలోలు. రెండు కిలోల మేతకు కిలో చేప పెరుగుతుందనుకున్నా, ఆ రోజు పెరిగిన 30 కిలోల చేపలో ఉండే కర్బనం మూడున్నర కిలోలు, అంతే. మిగిలిన 20 కిలోలు ఊపిరిగా, పెంటగా, తినకుండా మిగిలిన మేతగా చెరువులోనే తిరుగుతుంది. కిలో కర్బనం పూర్తిగా కుళ్లి కరగడానికి దాదాపు 2.7 కిలోల ఆక్సిజన్ కావాలి. అంటే మీరు రోజూ వేసే మేత వల్లే 50 కిలోలకు పైగా ఆక్సిజన్ అప్పు పడుతోంది. శాస్త్రవేత్తలు సరస్సులకు, సముద్రాలకు వేసే ఆహార వల నమూనా కూడా ఇదే లెక్క: ఒక్కో జీవికి ఒక డబ్బా గీసి, అందులోకి వచ్చిన కర్బనం ఎంత, ఒంటికి పట్టింది ఎంత, ఊపిరిలో పోయింది ఎంత, పెంటగా పడింది ఎంత, ఇంకొకటి తిన్నది ఎంత అని జమాఖర్చు సరిపోయేదాకా చూస్తారు. ఇలాంటి నమూనా, ఎకోపాత్, 1984లో హవాయి దీవుల పగడపు దిబ్బల మీద మొదలైంది. మీకు కంప్యూటర్ అక్కర్లేదు, నోటుపుస్తకం చాలు.

మీ లెక్కలో తెగిపోయిన డబ్బా ఏదో చెబుతాను: జంతు ప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ నాచును మేసే అతి చిన్న జీవులు. పేను మందని మీరు నాలుగుసార్లు కొట్టింది సైపర్‌మెత్రిన్ లాంటిదే అయి ఉంటుంది. పేనూ, నీటిలో గెంతే డాఫ్నియా అనే జంతు ప్లవకం కూడా రొయ్యకు చుట్టాలే, ఆ మందుకు తేడా తెలియదు. లీటరుకు మైక్రోగ్రాము మోతాదే డాఫ్నియాను తుడిచిపెడుతుంది. అవి పోతే నాచును మేసేవాళ్లు లేరు, అందుకే నీరు పచ్చబడింది. బొచ్చెకు ముఖ్యమైన మేత ఆ జంతు ప్లవకాలే, అందుకే తల పెద్దదై ఒళ్లు ఎండింది. మేత పెంచితే బొచ్చె బాగుపడదు, నాచుకు ఎరువు పెరుగుతుంది. నాలుగుసార్లు మందు అమ్మినవాడు ఈ మాట ఒక్కసారైనా చెప్పాల్సింది. ఇప్పుడు అతనే మైలుతుత్తం ఇస్తున్నాడు! అది పడితే నాచంతా ఒకేసారి చచ్చి రెండు మూడు రోజుల్లో కుళ్లుతుంది, పగలు ఆక్సిజన్ ఇచ్చేది కూడా మిగలదు. చేప మొత్తం పోవచ్చు.

ఈ రాత్రి నుంచి ఏరేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) 10 గంటలకు వేసి, పొద్దు పొడిచిన గంట తర్వాత ఆపండి. లేకపోతే మోటారుతో చెరువు నీటినే పైకి చిమ్మండి. మేత రెండు రోజులు పూర్తిగా ఆపేయండి, మూడో రోజు నుంచి పది రోజులపాటు 30 కిలోలే, అదీ ఉదయం 9 దాటాక, సంచుల్లో కట్టి. మబ్బు పట్టిన రోజు అందులోనూ సగం. మంచి నీరు దొరికితే చెరువు అడుగు నుంచి 15 శాతం నీరు తీసి కొత్తది పెట్టండి, నాలుగు రోజులాగి మరోసారి. పేడ, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ వద్దు. సున్నం చల్లే ముందు మధ్యాహ్నం 3కి పీహెచ్ చూడండి, 8.5 దాటితే చల్లకండి. ఎందుకంటే సున్నం పీహెచ్‌ను ఇంకా పెంచుతుంది. వేడి నీటిలో పీహెచ్ 8 దగ్గర అమ్మోనియాలో విషరూపం 100కు 7 వంతులుంటే, 9 దగ్గర అది 40 దాటుతుంది.

పేనుకు మళ్లీ మందు కొట్టకండి. అది గట్టి వాటి మీద గుడ్లు పెడుతుంది, కాబట్టి వెదురు బద్దలు లేదా చెక్క పలకలు అక్కడక్కడా నీటిలో నిలబెట్టి, వారానికోసారి తీసి బాగా ఎండలో ఆరబెట్టి మళ్లీ పెట్టండి.

జంతు ప్లవకాలు తిరిగి వస్తున్నాయో లేదో మీరే చూసుకోవచ్చు. ఉదయం చెరువులో నాలుగైదు చోట్ల నుంచి 50 లీటర్ల నీరు ప్లవకాల వలలో వడపోసి, మిగిలింది గాజు గొట్టంలో పోసి, ఫార్మలిన్ చుక్క వేసి ఆగండి. అడుగున 1 నుంచి 2 మిల్లీలీటర్లు చేరాలి. ఆ మడ్డి గోధుమ రంగులో ఉంటే జంతు ప్లవకాలు వచ్చినట్టు, వట్టి ఆకుపచ్చగా ఉంటే ఇంకా రాలేదు. బురదలో వాటి గుడ్లు దాగి ఉంటాయి, మందు పడకుండా ఉంటే కొన్ని వారాల్లో అవే లేస్తాయి. వేరే చెరువు నీళ్లు తెచ్చి పోయకండి, దానితో పేను కూడా వస్తుంది.

నలుపు తెలుపు పళ్లెం దించి చూసినప్పుడు 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతులో మాయమవ్వాలి. మీది 20 లోపే ఉంటుందని నా అనుమానం. 15 రోజులు ఈ లోతు, రెండు పూటల ఆక్సిజన్, గొట్టంలో మడ్డి, వేసిన మేత నాలుగూ రాసి ఆ పేజీ పంపండి. మేత ఎంత పెంచాలో అప్పుడు చెబుతాను.