పువ్వు రంగుకంటే ముందు దాని గుణం చూడు

చిన్నితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. కొత్త ఫ్లాట్‌కి డిజైనర్‌ని వద్దన్నావట. బాల్కనీలో పూలమొక్కలు పెంచుతావట, ఏ కాలంలో ఏ పూలు పూస్తే ఇల్లంతా ఆ రంగుల్లోకి మారుస్తావట. వినగానే గర్వంగా అనిపించింది. కడియపులంక నర్సరీల మధ్య పెరిగిన పిల్లవి, నీకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది ఆ ఆలోచన! కానీ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. చంటాడు ఇప్పుడిప్పుడే పాకుతున్నాడు, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఎండ చూసి కుండీలు పెట్టు. అడుగున చిల్లు ఉందో లేదో చూసుకో. నీళ్లు కింది ఫ్లాట్ వాళ్లు ఆరేసిన బట్టల మీద కారకూడదు. ఇవి నీకు తెలిసినవే.

హాలు గోడకి బంతిపువ్వు రంగు వేయిస్తానన్నావట. వద్దు. బారసాలకి వచ్చినప్పుడు చూశాను, సాయంత్రం నాలుగింటికి పడమటి ఎండ మీ సోఫా దాకా వస్తుంది. బంతి రంగు పుష్యమాసంలో వెచ్చగా, ముచ్చటగా ఉంటుంది. అదే గోడ వైశాఖంలో చూస్తే ఒళ్లు మండుతుంది. మల్లెమొగ్గని కాడ దగ్గర పట్టుకుని చూడు, తెలుపులో లేత ఆకుపచ్చ కలిసి ఉంటుంది. ఆ రంగు వేయించు, దాని పక్కన ఏ కాలపు పువ్వైనా ఇముడుతుంది. గోడని ఏడాదికి ఆరుసార్లు మార్చలేం కదా, మారే రంగులన్నీ కర్టెన్లకీ దిండు గలీబులకీ వదిలెయ్. పెడన కలంకారీ గుడ్డ తీసుకో. కరక్కాయ నీళ్లలో ముంచి, ఇనుపముక్కలూ బెల్లమూ నానబెట్టిన నీళ్లతో నలుపు అద్దే పని అది. అసలైన ఆ ఎరుపూ నలుపూ ఏ పువ్వు పక్కనైనా నప్పుతాయి. మొదటిసారి విడిగా ఉతికి నీడన ఆరెయ్.

పూల విషయంలో తొందరపడకు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్తే ఏ కాలంలోనైనా ఏ పువ్వైనా దొరుకుతుంది, అక్కడే మనసు చెదురుతుంది. నీ బాల్కనీలో ఏం పూస్తే అదే ఇంట్లో పెట్టు. వేసవికి మల్లె కావాలంటే పని కార్తీకం వెళ్లగానే మొదలు. నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసెయ్యాలి. పచ్చగా ఉన్న మొక్కకి ఆకు దూయాలంటే చేతులు రావు. అయినా దూసెయ్. మాఘంలో ఎరువు వేసి నీళ్లు పెట్టడం మొదలుపెడితే చిగురుతోపాటే మొగ్గ తొడుగుతుంది. చామంతికి చీకటి కావాలి. రాత్రి పొద్దు పెరిగితేనే అది మొగ్గ వేస్తుంది, తెల్లవార్లూ ట్యూబ్‌లైట్ వెలుగు పడితే ఆకే తప్ప పువ్వుండదు. పూత ఆలస్యంగా రావాలనుకునే రైతులు తోటలో రాత్రిళ్లు బల్బులు వెలిగించేది అందుకే. కాబట్టి ఆ కుండీ వీధిలైటు పడని మూలకి జరుపు. నువ్వు తెలంగాణ కోడలివి, బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు ఎలా పేరుస్తారో మీ అత్తగారి పక్కన కూర్చుని నేర్చుకో. ఆవిడ చేతులు చూస్తే పసుపు పక్కన ఏ రంగు నిలుస్తుందో ఏ పుస్తకమూ చెప్పనంత తెలుస్తుంది. మిగిలిన గునుగు పారెయ్యకు. గుత్తులు కట్టి నీడలో తలకిందులుగా వేలాడదీస్తే ఎండాక కూడా ఆకారం చెడదు, శీతాకాలమంతా కూజాలో ఉంటుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వని మాట. మీ అమ్మ పంపిన ఫోటోలో ఇత్తడి ఉర్లి, అదే ఆ వెడల్పాటి పాత్ర, దాన్నిండా నీళ్లు, వాటి మీద గులాబీరంగు గన్నేరు పూలు. ఉర్లి నేల మీదే ఉంది. పక్కన చంటాడి గిలక్కాయ.

మా అత్తవారింట్లో నూతి పక్కన ఏపుగా పెరిగిన గన్నేరు ఉండేది. అందరూ పూజకి కోసుకునేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, సంక్రాంతికి ముందు ఇంటికి సున్నాలు వేస్తున్నారు. కొమ్మలు గోడకి అడ్డం వస్తున్నాయని మా మరిది వాటిని నరికి, అవతల పారెయ్యమంటే బద్ధకించి పశువులపాక గోడవారకి తోసేశాడు. కుర్రతనం, పండగ హడావిడి. తెల్లారి చూస్తే తువ్వాయి పడిపోయి ఉంది. నోట్లో ఇంకా ఆకు ముక్క. నురగ కక్కింది, కాళ్లు తన్నుకుంది. పశువుల డాక్టరుగారు సైకిలు మీద వచ్చేసరికే అయిపోయింది. గన్నేరు ఆకు గుండె మీద పనిచేస్తుందట, కొద్దిపాటి ఆకులే పశువుని పడగొట్టేస్తాయని ఆయన చెప్పారు. ఎండినా విషం పోదన్నారు. మరిది ఆ కొమ్మలన్నీ పోగేసి తగలబెట్టబోతే, పొగ కూడా ప్రమాదమేనని ఆపి, ఊరవతల లోతుగా పాతిపెట్టించారు. మా మామగారు మరిదిని ఒక్క మాట అనలేదు. పండగనాడు అన్నం ముందు కూర్చుని, కలుపుకుని, లేచిపోయారు. దూడకోసం అంబా అంటున్న ఆవు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. మరిది ఇప్పటికీ గన్నేరు కనిపిస్తే దూరంగా నడుస్తాడు.

అది నోరులేని జీవం. మన చంటాడికీ నోరు రాలేదు, ఏం తిన్నాడో చెప్పలేడు. గన్నేరు అందమైన పువ్వే, గుళ్లో ఉండనీ, రోడ్డు డివైడర్ మీద ఉండనీ. మీ హాల్లో వద్దు. పచ్చగన్నేరు కూడా వద్దు, దాని గింజ మరీ ప్రాణాంతకం. నర్సరీవాళ్లు ఇండోర్ మొక్క అని అంటగట్టే తెల్లమచ్చల డైఫెన్‌బాకియా ఆకు కొరికితే నోరు, నాలుక వాచిపోతాయి. వాడు ఎదిగి మాట వినేదాకా మందారం, మల్లె, చామంతి చాలు. మందారం నోట్లో పెట్టుకున్నా నాకు గుండె ఆగదు.

ఉర్లిని నేల మీంచి తీసి ఎత్తైన బల్ల మీద పెట్టు. గిన్నెడు నీళ్లున్నా పాకే పిల్లాడికి ప్రమాదమే. నీళ్లు రోజూ పారబోసి, అంచులు రుద్ది కడుగు. డెంగీ దోమ మురికిలో కాదు, ఇలాంటి తేట నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. పువ్వు వాడిపోలేదు కదా అని వారం ఉంచేశావంటే ఇంట్లోనే దోమల్ని పెంచినట్టే.

గట్టిగా అన్నానని బాధపడకు తల్లీ. ఆ ఫోటోని నేను ఎన్నిసార్లు చూసుకున్నానో మీ పెదనాన్నని అడుగు. నీళ్లమీద పూలు పేర్చిన తీరు అచ్చం మీ అమ్మమ్మదే, మధ్యలో ఖాళీ వదిలి అంచుకి కట్టినట్టు. నేర్పకుండానే వచ్చింది నీకు.

శుక్రవారం బస్సు పార్సిల్‌లో కనకాంబరం, డిసెంబరాలు, రెండు బొడ్డుమల్లె అంట్లు పంపుతున్నాను. వచ్చీ రాగానే ఎండలో పెట్టకు, కొన్ని రోజులు నీడలో ఉంచు. నువ్వు కొన్న ఆ గన్నేరు కుండీని మాత్రం నర్సరీకే తిరిగిచ్చెయ్. డబ్బులు ఇవ్వకపోతే పోనీ. కింద వాచ్‌మన్‌కి ఇచ్చేయకు, వాళ్లకీ చిన్నపిల్లలున్నారు.

మీ పెద్దమ్మ