డాక్టర్ సలహా: తమ్ముడిది గంజాయి కేసు.. జైలా, దవాఖానా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది కల్వకుర్తి దగ్గర ఊరు. మా తమ్ముడికి 20 ఏండ్లు. మహబూబ్‌నగర్‌ల రూముల ఉండి డిగ్రీ చదువుతున్నడు. పోయిన నెల దోస్తులతోని ఉంటే పోలీసులు పట్టుకున్నరు. జేబుల రెండు చిన్న గంజాయి పొట్లాలు దొరికినయంట. కేసు రాసి, పిలిస్తే రావాలని చెప్పి పంపిన్రు. అప్పటి సంది ఎవ్వరితోని మాట్లాడడు, రాత్రి నిద్ర పోడు, అన్నం సగంల లేస్తడు. నాలుగు నెలలు జైల్ల ఉంటే బుద్ధి వస్తదని మా పెద్దనాయిన అంటడు. ఇంకొకాయన హైదరాబాద్ పక్కన ఏదో సెంటర్ ఉందని, మూడు నెలలు ఎవ్వర్నీ కలవనియ్యరని, కొట్టయినా మానిపిస్తరని చెప్పిండు. సర్కారు దవాఖానకు పోతే పోలీసులకు ఇంకా దొరికిపోతమని మా నాయిన భయం. ఏం చెయ్యాలె? మా నాయినకు ఇసొంటి అలవాట్లేం లేవు, రోజు సాయంత్రం కల్లు తాగుతడు అంతే. మొన్న కల్లు కాంపౌండ్ మూసినప్పుడు మూడు రోజులు చేతులు వణికి, నిద్ర లేక ఏదేదో మాట్లాడిండు. మళ్ల తాగంగనే మంచిగైండు.
– ఒక అక్క

జవాబు: అమ్మా, మీరు ఉత్తరమంతా తమ్ముడి గురించి రాసి, నాన్నగారి సంగతి చివర్లో రెండు ముక్కల్లో ముగించారు. నేను ఆ రెండు ముక్కల దగ్గరే ఆగిపోయాను. మీ ఇంట్లో ఇవాళ ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం తమ్ముడికన్నా నాన్నగారికే ఎక్కువ ఉంది. అందుకే ముందు ఆయన సంగతి చెబుతాను.

చెట్టు నుంచి దించిన తాటికల్లులోనూ ఈతకల్లులోనూ మత్తు కొద్దిగానే ఉంటుంది. బాగా ఎక్కువగా తాగేవారికి అది మానినా వణుకు రావచ్చు. కానీ మన పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు కాంపౌండ్ కల్లు తాగే మనిషి, రెండు మూడు రోజులు అది దొరక్కపోయేసరికి వణికి, నిద్రపోక, లేనివి ఉన్నట్టు మాట్లాడాడంటే నా అనుమానం ముందుగా అల్ప్రాజోలం మీదికి పోతుంది. నిద్రకు, ఆందోళనకు డాక్టర్లు పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము చొప్పున ఆచితూచి రాసే మందు అది. ఉన్న చెట్ల లెక్కకూ అమ్మే సీసాల లెక్కకూ పొంతన లేనిచోట నీళ్లు, శాక్రిన్, ఈ మందు పొడి కలిపి కల్లని అమ్ముతారు. కొన్నిచోట్ల డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కూడా కలుస్తాయి. తెల్లారకముందే మోకు కట్టుకుని చెట్టెక్కే గౌడన్నలను నేను తప్పుపట్టడం లేదు. వాళ్ల కష్టాన్ని కూడా ఈ పొడే మింగేసింది.

ఏళ్ల తరబడి ఆ మందు రోజూ ఒంట్లో పడితే మెదడు దాన్ని లెక్కలో వేసుకునే పనిచేయడం నేర్చుకుంటుంది. అది ఒక్కసారిగా ఆగిందంటే నరాలు పలుపు తెంపుకున్న కోడెలా చెలరేగుతాయి. ఒకటి రెండు రోజుల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. తర్వాత గోడల మీద పురుగులు పాకినట్టు కనిపించడం, ఎవరో పిలిచినట్టు వినిపించడం, ఫిట్స్. కొందరిలో ప్రాణమే పోతుంది. మళ్లీ తాగగానే మీ నాన్నగారు బాగయ్యారన్నారు చూడండి, ఆయన శరీరం ఆ మందుకు బానిసయిందనడానికి అంతకన్నా పెద్ద గుర్తు ఇంకొకటి లేదు.

2015 సెప్టెంబర్‌ను పాలమూరు మరిచిపోయి ఉండదు. కల్తీ కల్లు మీద ఎక్సైజ్ దాడులు గట్టిగా జరిగి కల్లు ఆగిపోయేసరికి మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ ఆసుపత్రులకు వందల మంది ఫిట్స్‌తో, పిచ్చిచేష్టలతో వచ్చారు. కొందరు దక్కలేదు. కల్తీ చేసేవాళ్లను పట్టుకోవడం న్యాయమే, నేను నూటికి నూరు పాళ్లూ ఒప్పుకుంటాను. కానీ కాంపౌండ్‌కు తాళం వేసే రోజుకు ముందే జిల్లా ఆసుపత్రికి కబురు ఉండాలి. పడకలు, మందులు, మాట్లాడే మనుషులు సిద్ధంగా ఉండాలి. చికిత్స లేని దాడి పేదవాడి నరాల మీద పడుతుంది. మత్తుమందుల విధానం మారాలని నేను అనేటప్పుడు నా మనసులో ఉండేది ఈ చిత్రమే.

ఇప్పుడు చేయాల్సింది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపు మీ అంతట మీరు కల్లు ఒక్కసారిగా బంద్ చేయించకండి. అలాగని వారాలు గడపకండి, ఏ సీసాలో ఎంత పొడి ఉందో కలిపినవాడికే తెలియదు, ఎక్కువైతే నిద్రలోనే ఊపిరి మందగిస్తుంది. కాబట్టి రేపే మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి పోండి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, మొన్న ఆ మూడు రోజుల్లో ఏం జరిగింది, ఏదీ దాచకుండా చెప్పండి. అక్కడ డైజిపామ్ లాంటి నిదానంగా పనిచేసే మందుకు మార్చి, వారాల మీద కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తారు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొని మీరే ఆ పని చేయొద్దు. ఈలోగా ఫిట్స్ వచ్చినా, జ్వరంతో కలవరించినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా వెంటనే 108కు ఫోన్ చేయండి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవి పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చాలు.

ఇక తమ్ముడు. నిద్ర లేకపోవడం, అన్నం సయించకపోవడం, చిరాకు, ఇవి గంజాయి ఆపిన మొదటి రెండు మూడు వారాల్లో వచ్చే మామూలు లక్షణాలు. కేసు భయం, సిగ్గు కూడా తోడై ఉంటాయి. ఆ సిగ్గును చిన్నగా చూడకండి. ఈ వయసులో ప్రాణం మీదికి తెచ్చుకునేంత పని చేయించేది అదే. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి. 14416 టెలి మానస్ నంబర్‌లో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. ఇంకొక సంగతి కూడా గమనించండి. ఎవరో తనను వెంటాడుతున్నారని అనడం, తనలో తాను మాట్లాడుకోవడం ఉంటే ఆలస్యం చేయొద్దు. చిన్న వయసులో గంజాయి ఎక్కువగా తాగిన కొందరిలో అది పెద్ద మానసిక జబ్బుకు దారి తీస్తుంది.

గంజాయి మాన్పించే మాత్ర అంటూ ఏదీ లేదు. ఎవరైనా అమ్మితే కొనకండి. పనిచేసేది కౌన్సెలింగ్. వారానికోసారి కూర్చుని ఎప్పుడు తాగాలనిపిస్తుంది, ఎవరితో ఉన్నప్పుడు, ఏ బాధ మరిచిపోవడానికి అని ముడి విప్పడం. మధ్యలో ఒకసారి జారితే ఇంటిల్లిపాదీ మీద పడకండి. షుగర్ రోగికి షుగర్ పెరిగితే కొట్టం కదా, మందు మార్చుకుంటాం.

మీ పెద్దనాన్నగారు జైలు అన్నది ప్రేమతోనే అయి ఉంటుంది. కానీ జైల్లో అలవాటుకు వైద్యం తనంతట తానుగా జరగదు. అక్కడ పరిచయమయ్యేది రెండు పొట్లాలు కొన్నవాళ్లు కాదు, మూటలు మోసినవాళ్లు. బయటికొచ్చాక చదువు పోతుంది, ఉద్యోగం దగ్గర కేసు అడ్డం పడుతుంది, అప్పుడు మిగిలేది ఆ పరిచయాలే.

చాలామందికి తెలియని విషయం, మన చట్టమే ఇక్కడ ఒక తలుపు తెరిచి ఉంచింది. మత్తుమందుల మీద 1985లో చేసిన ఎన్డీపీఎస్ చట్టంలో గంజాయికి కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. మీ తమ్ముడి పొట్లాలు చిన్న పరిమాణంలోకే వస్తాయి. దానికి ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. అలవాటుకు బానిసై, వాడకం కేసులో గానీ చిన్న పరిమాణం కేసులో గానీ ఉన్న మనిషి తనంతట తాను ముందుకొచ్చి ప్రభుత్వ ఆసుపత్రిలో, లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స పూర్తి చేస్తే అతని మీద విచారణ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. ఒకవేళ కోర్టులో నేరం రుజువైనా, 39వ సెక్షన్ కింద జైలుకు బదులు బాండు మీద చికిత్సకు పంపే అధికారం జడ్జికి ఉంది. ఇవన్నీ వకీలు ద్వారా అడగాలి. ఖర్చుకు భయపడకండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్హులకు ఉచితంగా వకీలును ఇస్తారు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ నంబర్ 15100.

దవాఖానకు పోతే దొరికిపోతామన్న నాన్నగారి భయం గురించి. చికిత్సకు వచ్చినవారి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. కోర్టు ఉత్తర్వుల లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, కానీ డాక్టరు ముందు నిజం చెప్పినందుకు కొత్త కేసు పుడుతుందని వణకాల్సిన పని లేదు. ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా సర్వే చేసి 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికి, నిషేధిత మత్తుమందులకు బానిసలైన 20 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆసుపత్రులు తక్కువ ఉండటం ఒక కారణం. మీ నాన్నగారి భయం లాంటి భయం ఇంకొకటి.

కొట్టి మానిపించే సెంటర్‌కు మాత్రం పంపకండి. ఈ మాట ఎంత గట్టిగా చెప్పగలనో అంత గట్టిగా చెబుతున్నాను. గొలుసులతో కట్టేయడం ఆ 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషేధం. లోపల ఉన్న మనిషికి ఇంటివాళ్లతో మాట్లాడే హక్కు, కలిసే హక్కు ఉన్నాయి. ఏ సెంటర్ అయినా ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, రోజూ వచ్చే మానసిక వైద్యుడు ఎవరో అడగండి. నసిగితే వెనక్కి వచ్చేయండి. మంచి కేంద్రాల వివరాలు 14446 జాతీయ హెల్ప్‌లైన్‌లో చెబుతారు.

పోర్చుగల్ దేశంలో 2001 నుంచి సొంత వాడకానికి పది రోజులకు సరిపడా మత్తుమందు దొరికితే నేరం కింద చూడరు. న్యాయం, వైద్యం, సమాజ సేవ తెలిసినవాళ్లు కూర్చునే ఒక కమిటీ ముందుకు పంపుతారు. అమ్మేవాడు మాత్రం అక్కడా జైలుకే పోతాడు. మన దగ్గర 64ఏ ఉన్నా, దాని గురించి స్టేషన్‌లో గానీ ఓపీలో గానీ చెప్పేవాళ్లు అరుదు. ఠాణాలో ఒక గోడ మీద తెలుగులో రాసి పెడితే ఎంత మేలు!

నివారణ గురించి కూడా ఒక్క మాట, ఎందుకంటే మీ ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు ఉండొచ్చు. చలువ చేస్తుందని పసిపిల్లలకు రెండు గుక్కల కల్లు పట్టే ఇళ్లు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గుక్కలో ఏముందో ఇందాక చెప్పాను. అమ్మానాన్నలు ముంబై, పుణెలకు వలసపోతే తాతల దగ్గర పెరిగే పిల్లలను సాయంత్రం ఎటు పోయావని అడిగేవాళ్లుండరు. బడిలో ఏడాదికోసారి పుర్రె బొమ్మ చూపించి భయపెట్టే ఉపన్యాసం వల్ల ఒరిగేది తక్కువ. దోస్తు సిగరెట్ చేతికిచ్చినప్పుడు ఎలా వద్దనాలో పిల్లలతో చెప్పించి అలవాటు చేయించాలి. మొదటి దమ్ము ఎంత ఆలస్యమైతే బానిసయ్యే అవకాశం అంత తగ్గుతుంది.

రేపు పొద్దున నాన్నగారికి తోడుగా తమ్ముడినే పంపండి, మీరూ వెళ్లండి. వాడికి జబ్బని చెప్పకండి, నాన్నను చూపించడానికి మనిషి కావాలని చెప్పండి. అక్కడ కూర్చున్నాక, తాను కూడా మాట్లాడతానంటే వాడి పేరు మీద వేరే ఓపీ చీటీ రాయించండి, లోపలికి ఒక్కడినే పోనివ్వండి. ఆ చీటీ మీద తేదీ స్పష్టంగా పడిందో లేదో చూసుకుని భద్రంగా దాచండి. వకీలు మొట్టమొదట అడిగే కాగితం అదే.