తమ్ముడు గురువు మాట విని ఫిట్స్ మాత్రలు మానేస్తున్నాడు, ఎత్తుకొచ్చేయమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 26 ఏళ్లు. చిన్నప్పట్నుంచీ ఫిట్స్ ఉన్నాయి. ఉద్యోగం పోయాక ఆన్‌లైన్‌లో ఒక ధ్యానం గ్రూపులో చేరి ఇప్పుడు వాళ్లతోనే ఉంటున్నాడు. మందులు ఒంటిని పాడుచేస్తాయని వాళ్ల గురువు చెప్పాడట, మాత్రలు మానేస్తున్నా అంటున్నాడు. మనుషుల్ని పెట్టి ఎత్తుకొచ్చి గదిలో పెట్టేద్దామని నాన్న పట్టుబట్టారు. వాడికి పిచ్చి పట్టిందా?

డాక్టర్ సలహా: ముందు మాత్రల సంగతి చూద్దామమ్మా, గురువు సంగతి తర్వాత. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదకి రావచ్చు, దానికి తోడు ఇలాంటి చోట్ల తెల్లారకముందే లేపడం, ఉపవాసాలు ఉంటాయి, నిద్ర చాలకపోతే ఫిట్స్ ఇంకా ఎక్కువవుతాయి. అందుకే గురువు గురించి మంచీ చెడూ ఏమీ ఎత్తకుండా, ధ్యానం చేసుకో నాన్నా, మాత్ర కూడా వేసుకో, తగ్గించాలనుకుంటే నీ డాక్టర్‌ని అడిగే తగ్గించుకో అని చెప్పండి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలని అతని పక్కనుండేవాళ్లకి ఒక్కరికైనా తెలిసుండాలి.

గ్రూపులో చేరినంత మాత్రాన పిచ్చి అనుకోకండి. చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా, రోజుల తరబడి నిద్రపోకుండా హుషారుగా తిరుగుతున్నా అది వేరే, వెంటనే సైకియాట్రిస్ట్‌కి చూపించాలి. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో అనే జపాన్ కల్ట్ (అంటే ఒక గురువు చెప్పుచేతల్లో నడిచే గుంపు) వాళ్లలో గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్ ఒకాయన ఉన్నాడు, నా వృత్తివాడే కాబట్టి చదువుకున్నవాళ్లు ఇలాంటి గ్రూపుల్లో పడరులే అని ఎవరన్నా అంటే నాకు ఆయనే గుర్తొస్తాడు. అసలు కల్ట్‌లో చేరుదామని ఎవరూ చేరరమ్మా. ఉద్యోగం పోయి, నలుగురికీ మొహం చూపించలేక కూర్చున్నప్పుడు పేరు పెట్టి పిలిచి తిన్నావా అని అడిగే మనుషులు పదిమంది దొరుకుతారు. ఆ పొంగించే ప్రేమనే లవ్ బాంబింగ్ అంటారు. తర్వాత పాత ఫ్రెండ్స్ తగ్గుతారు, డబ్బు వెళ్తుంది, డౌట్ వస్తే నీలోనే లోపం అంటారు, ఒక్కో మెట్టూ చిన్నదే కాబట్టి ఎక్కడా ఆగాలనిపించదు.

నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆ పని మాత్రం వద్దు. 1970ల్లో అమెరికాలో తల్లిదండ్రులు డబ్బులిచ్చి పెద్దయిన పిల్లల్ని ఇలాగే ఎత్తుకొచ్చి గదుల్లో పెట్టించారు, దాన్ని డీప్రోగ్రామింగ్ అనేవాళ్లు, కొందరు మారారు, కొందరు మళ్లీ అక్కడికే పారిపోయి కోర్టుకెక్కారు. మీవాళ్లే నీ శత్రువులు అని గురువు చెప్పేది మనమే నిజం చేసినట్టవుతుంది. బ్రిటన్‌లో ఐలీన్ బార్కర్ అనే సోషియాలజిస్ట్ మూనీల (కొరియా మతగురువు మూన్ అనుచరుల) గ్రూపుని ఏళ్లపాటు దగ్గరగా చూశారు, చేరినవాళ్లలో ఎక్కువమంది రెండేళ్లలోపే వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారు. వాదనలో ఓడి బయటికొచ్చేవాళ్లు నాకైతే పెద్దగా కనపడలేదు, జ్వరంతో ఉన్న పిల్లాడిని గురువు కసురుకోవడం చూసి మనసు విరిగి వచ్చేసినావిడ తెలుసు. అలా మనసు విరిగిన రోజున ఫోన్ చేయడానికి ఒక నంబర్ ఉండాలి, అది మీదే అయ్యేలా చూసుకోండి. వారానికోసారి మామూలు కబుర్లు చెప్పండి, అతను తీయకపోయినా మెసేజ్ పెట్టండి, డబ్బు మాత్రం చేతికివ్వకండి. ఫోన్, ఐడీ కార్డులు లాగేసుకుని ఎక్కడికో దూరం తీసుకెళ్తున్నారంటే, కొడుతున్నారంటే ఇంక ఆగొద్దు, పోలీసులకి చెప్పండి.

వచ్చేశాక కూడా కొన్నాళ్లు నిద్ర పట్టదు, శాపం తగులుతుందేమో అని గుండె దడ వస్తుంది. ఇందాక చెప్పినావిడే, అక్కడ అన్నీ వాళ్లే డిసైడ్ చేసేవాళ్లు కదా, షాపులో ఏ పేస్ట్ కొనాలో తేలక అరగంట నిలబడి ఏడ్చేశానండీ అంది. ఆ టైంలో మేం ముందే చెప్పాం కదా అని మాత్రం అనకండి, కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లండి.

ఈ రోజు మాత్రం ఫోన్ చేసి, మాత్రలు ఇంకెన్ని మిగిలాయో కనుక్కోండి.