సీసం ఫర్నేస్ పెట్టబోయే వాడికి

చిరంజీవి శ్రీనుకి, చిన్నాయన ఆశీస్సులు.

పాత బ్యాటరీల సీసానికి రోటరీ ఫర్నేస్ (తిరిగే కొలిమి) పెడుతున్నావట. కరిగించడం పెద్ద విద్య కాదు, సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. కానీ బ్యాటరీ ప్లేట్లకు పూసిన పేస్టులోంచి సీసం రావాలంటే ఫర్నేస్ 1000 డిగ్రీల దాకా వెళ్లాలి. ఆ వేడికి కొంత ఆవిరై, చల్లారి, మైక్రాన్ కంటే సన్నని పొడవుతుంది. పొగను సుడి తిప్పి బరువైన రజనును రాల్చే సైక్లోన్ నిప్పురవ్వల్ని ఆపుతుందేగానీ ఈ పొడిని పట్టలేదు. దానికి పొగను గుడ్డ సంచుల్లోంచి వడకట్టే బ్యాగ్ ఫిల్టరే దిక్కు.

చిమ్నీ ఎత్తు పెంచమనే సలహా ఎవరిచ్చినా వినకు. కెనడాలో ట్రెయిల్ స్మెల్టర్ వాళ్లు 1925లో, 1927లో 409 అడుగుల చిమ్నీలు కట్టారు. పొగ పోలేదు, లోయ వెంబడి సరిహద్దు దాటి అమెరికా రైతుల పొలాల మీద పడింది.

పాలియెస్టర్ బ్యాగు 130 డిగ్రీలు దాటితే పాడవుతుంది. అలాగని పొగను మరీ చల్లార్చావో, గంధకం తడి పట్టి యాసిడ్ అవుతుంది, పొడి అట్టకట్టి బ్యాగులు మూసుకుపోతాయి, బ్యాగులుండే పెట్టె తుప్పు పడుతుంది. అందుకే పొగ లోపలికొచ్చే చోట వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టి, 125 డిగ్రీలు రాగానే చల్లగాలిని లోపలికి వదిలే డ్యాంపర్ తలుపు తెరుచుకునేలా చెయ్యి. పెట్టెకు బయట ఇన్సులేషన్ తప్పనిసరి, మన వానాకాలంలో మరీను. కొత్త బ్యాగులకు ముందుగా సున్నపు పొడి పట్టించు. ఫర్నేస్ ఆపాక ఫ్యాన్ ఇంకో పావుగంట తిరగాలి.

బ్యాగులకు అటూ ఇటూ గాలి ఒత్తిడిలో తేడా చూపే మానోమీటర్ 100 నుంచి 150 మిల్లీమీటర్ల నీటి మట్టం మధ్య ఉంటే మంచిది. ఉన్నట్టుండి 40కి పడిందా, సంబరపడకు, ఏదో బ్యాగు చిరిగింది.

పాత ప్లేట్ల మధ్య పీవీసీ సెపరేటర్లు (ప్లేట్లను విడిగా ఉంచే ప్లాస్టిక్ రేకులు) ఉంటే ఏరేయించు. అందులోని క్లోరిన్‌తో సీసం క్లోరైడ్ అవుతుంది, అది తొందరగా ఆవిరైపోతుంది. ఫిల్టర్ పొడిని మళ్లీ ఫర్నేస్‌లో వేసినప్పుడల్లా ఆ క్లోరిన్ తిరిగి తిరిగి పోగవుతుంది. ఇక గంధకం సంగతి: ఇనుప రజను వేస్తే చాలావరకు స్లాగ్‌లోకి, అంటే సీసం తీశాక మిగిలే చిట్టెంలోకి, పోతుంది. మిగిలిన వాయువు బ్యాగుల్లోంచి జారిపోతుంది కాబట్టి వెనక ఆ వాయువును కడిగే సున్నపు నీళ్ల స్క్రబ్బర్ ఉండాలి.

కరిగించేటప్పుడు సోడా వేస్తే, ఆ స్లాగ్ నీళ్లలో కరుగుతుంది. రేకుల షెడ్డు కింద ఉంచి, హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపు. బయట కుప్ప పోస్తే ఒక్క వానకే బోరునీళ్లలో కలుస్తుంది.

పనివాళ్లకు స్నానాల గది షెడ్డుతో పాటే కట్టించు, పనికి విడి బట్టలివ్వు. ఆ బట్టలు ఇంటికి పోతే పొడి పిల్లల నోట్లోకే. టిఫిన్ గది ఫర్నేస్‌కు గాలి వచ్చే వైపున పెట్టు.

నీ చిన్నాయన