బస్సు పడనివాళ్లకి మత్తుమందు పనిచేస్తుందా?

ప్రశ్న: ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ గారు "బస్సెక్కితే వాంతులవుతాయా" అని అడిగారండి. అవుతాయి, నాకు బస్సు అస్సలు పడదు. దానికీ మత్తుకీ ఏంటి సంబంధం? ప్రొపొఫాల్ అనే మత్తుమందు వాంతులు కూడా ఆపుతుందంటున్నారు, మరి అదే కాస్త తక్కువ డోసులో ప్రయాణాలకి వాడకూడదా?

జవాబు: సంబంధం ఉందండీ. బస్సు పడనివాళ్లకి ఆపరేషన్ తర్వాత కూడా వాంతులయ్యే ఛాన్స్ ఎక్కువ, అందుకే ఆపరేషన్ తర్వాత వాంతుల రిస్క్ ఎంతో లెక్కేయడానికి 1999లో వచ్చిన ఆప్ఫెల్ స్కోరులో ఆ ప్రశ్న కూడా ఉంది. సిగరెట్ తాగనివాళ్లకి కూడా రిస్క్ ఎక్కువేనట, అలాగని ఇప్పుడు మొదలెట్టకండి!

ప్రొపొఫాల్ గురించి మీరు విన్నది నిజమే. పెద్దవాళ్లని నిద్రపుచ్చడానికి మామూలుగా 100 మిల్లీగ్రాములు పైనే పడుతుంది, కానీ ఆపరేషన్ తర్వాత వచ్చే వికారానికి 10, 20 ఇచ్చినా తగ్గుతుంది. కాకపోతే అది నరంలోకే ఎక్కించాలి, ప్రభావం కాసేపే, డోసు కాస్త ఎక్కువైతే ఊపిరే ఆగిపోతుంది, కాబట్టి బస్సులో వాడే మందు కాదు.

అసలు ఆపరేషన్ వాంతి ఆపే మందు ప్రయాణం వాంతి కూడా ఆపాలని రూలేం లేదు. ఆన్‌డాన్‌సెట్రాన్‌నే చూడండి, ఆపరేషన్ తర్వాత బాగా పనిచేస్తుంది, బస్సులో మాత్రం పెద్దగా ఉపయోగం లేదు. ఎందుకంటే బస్సులో గొడవ లోపలి చెవి దగ్గర మొదలవుతుంది, చెవి కదులుతున్నామంటుంది, చేతిలో ఫోన్ చూస్తున్న కళ్లు కదలట్లేదంటాయి, మెదడు తికమకపడుతుంది.

ఇలాంటి మందుల్ని టెస్ట్ చేయడం కూడా తలనొప్పే. మనుషుల్ని తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూయించి, తల అటూ ఇటూ వంచమంటారు. కానీ మత్తుగా ఉన్నవాడు వికారం లేదంటే మందు పనిచేసిందా లేక వాడికి తెలియట్లేదా? ఎలుకల మీద చూద్దామంటే వాటికి వాంతే రాదు, కడుపు తిప్పితే మట్టి తింటాయి, ఎంత తిన్నాయో తూకం వేసి లెక్కేస్తారు.

రెండు చోట్లా పనికొచ్చేది స్కోపొలమైన్. వందేళ్ల కిందట దాన్ని మార్ఫిన్‌తో కలిపి కాన్పుల్లో మత్తుకి ఇచ్చేవాళ్లు, ఇప్పుడు చెవి వెనక అంటించే ప్యాచ్‌గా వస్తోంది, మూడు రోజులు పనిచేస్తుంది. నోరు ఎండిపోతుంది, చూపు మసకబారొచ్చు, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వాడకూడదు.

మీరైతే మత్తు డాక్టర్‌కి బస్సు సంగతి దాచకుండా చెప్పండి, వీలైతే గ్యాస్ మత్తు బదులు మొత్తం ప్రొపొఫాల్‌తోనే కానిచ్చేస్తారు.